రాష్ట్ర అధికార వాతావరణం

అమెరికాలో ఏ రాష్ట్రానికైనా ఒక అధికార పక్షి ఉండాలి. పక్షి ఉన్నాక పువ్వు లేకపోతే బాగుండదు. పువ్వు వచ్చాక చెట్టు, చెట్టు వచ్చాక చేప, చేప వచ్చాక పురుగు. మనం చెప్పుకోబోయే రాష్ట్రానికి (పేరెందుకు లెండి, అక్కడివాళ్ళు కోర్టుకెక్కడంలో బహు చురుకు) ఇవన్నీ కాక ఒక అధికార మట్టి, ఒక అధికార నృత్యం, ఒక అధికార మిఠాయి కూడా ఉన్నాయి. అధికార శిలాజం శాసనసభ హాల్లోనే గాజు పెట్టెలో ఉంటుంది. సభ్యులందరికంటే దాని హాజరే మెరుగు.

అలాంటి రాష్ట్రంలో ఒక మార్చి నెలలో నాలుగో తరగతి పిల్లలు ఇరవై ఇద్దరు, పౌరశాస్త్రం పాఠంలో భాగంగా, శాసనసభకి ఉత్తరం రాశారు. "మన రాష్ట్రానికి అన్నీ ఉన్నాయి గాని అధికార వాతావరణం లేదు. ఎండ అయితే బాగుంటుందని మా క్లాసు ఓటేసింది" అన్నారు. ఉత్తరం అడుగున పసుపు రంగు సూర్యుడు, ఆయనకి పళ్ళు కనబడేలా నవ్వు.

పిల్లల బిల్లుకి ఎదురు ఓటెయ్యడమన్నది ఆ సభలో లేదు. వెనకొకసారి అధికార కప్ప బిల్లు వచ్చినప్పుడు ఒక సభ్యుడు లేచి, "ఏ రకం కప్ప?" అని అడిగాడు. ఆ మరుసటి ఎన్నికల్లో ఆయన మీద టీవీ ప్రకటన వచ్చింది: "ఈయనకి మీ పిల్లలంటే ఎందుకంత కోపం?" ఆయన ఇప్పుడు ఇన్సూరెన్సు అమ్ముకుంటున్నాడు. కాబట్టి ఎండ బిల్లు తొంభై ఏడు ఓట్లకి సున్నా ఓట్లతో నెగ్గింది. ముగ్గురు సభ్యులు కన్నీళ్ళు పెట్టుకున్నారు. గవర్నరు ఇరవై రెండు కలాలతో సంతకం చేసి, పిల్లకొక కలం పంచిపెట్టాడు.

బిల్లు పూర్తిగా చదివినవాళ్ళు ఎవరూ లేరు. చదివుంటే మూడో సెక్షను కనబడేది. బిల్లులు రాసే గుమాస్తాలకి అక్కడొక పద్ధతి ఉంది. చిహ్నం ఏదైనా సరే, మొదటి పేరా కొత్తగా రాస్తారు, శిక్షల పేరా మాత్రం పాత జెండా చట్టంలోంచి ఎత్తి అతికిస్తారు. "సదరు చిహ్నమును బహిరంగముగా అవమానించుట, హేళన చేయుట, లేదా దానికి విరుద్ధమైన దానిని ప్రకటించుట నేరము, ముప్పది దినముల కారాగారము." మిఠాయి చట్టంలోనూ ఈ ముక్కే ఉంది, కప్ప చట్టంలోనూ ఉంది. కప్పకి విరుద్ధమైనదేమిటో ఎవరికీ తట్టలేదు గనక ఇన్నాళ్ళూ ఏ గొడవా రాలేదు. ఎండకి విరుద్ధమైనది మాత్రం ఆగస్టులో వచ్చింది.

రాజధాని పైన్‌ఫోర్డులో 'కొరియర్' అనే దినపత్రిక ఉంది. అందులో పందొమ్మిదేళ్ళుగా వాతావరణం రాస్తున్నది గోటేటి భ్రమరాంబ. ఆఫీసులో అందరికీ బ్రామీ. మొదటి పేజీలో కుడివైపు అడుగున రెండంగుళాల పెట్టె ఆవిడ సామ్రాజ్యం. ఆవిడ పుట్టింది దివిసీమలో. ఏడేళ్ళ వయసులో ఉప్పెనలో ఇంటినీ నాయనమ్మనీ ఒక్కసారే పోగొట్టుకుంది. నీళ్ళొస్తాయని వాళ్ళ వీధికి ముందుగా ఎవరూ చెప్పలేదు. ఆ బాధ ఆవిడ మనసులోంచి ఎప్పుడూ పోలేదు. అందుకే ఆ రెండంగుళాల పెట్టెని మిగతా పత్రికంతా కలిపి రాసినంత శ్రద్ధగా రాసేది.

ఆగస్టు పదమూడున ఆవిడ ఎప్పట్లాగే రాసింది: "రేపు మధ్యాహ్నం నుంచి భారీ వర్షం." పదిహేనున రాష్ట్ర అటార్నీ జనరల్ కార్యాలయం నుంచి తాఖీదు వచ్చింది.

"సదరు పత్రికయందు రాష్ట్ర అధికార వాతావరణమునకు విరుద్ధమైన అంశము ప్రచురింపబడినట్లు ఈ కార్యాలయము దృష్టికి వచ్చియున్నది. అట్టి ప్రచురణ ఎట్టి పరిస్థితులయందు జరిగినదో మూడు దినములలో సంజాయిషీ ఇచ్చుకొనవలసినది."

అటార్నీ జనరల్ పేరు ప్రెస్కాట్ డేల్. నవంబరులో గవర్నరు పదవికి నిలబడబోతున్నాడు. అక్కడ పోటీ చేసేవాడు దేన్నో ఒకదాన్ని విపరీతంగా ప్రేమించాలి. మిగతా అభ్యర్థులు అప్పటికే రైతుల్ని, సైనికుల్ని, తల్లుల్ని ప్రేమించేశారు. ఈయనకి ఎండ మిగిలింది.

సంపాదకుడు హాంక్ టర్లీ తాఖీదు పట్టుకుని భ్రమరాంబ బల్ల దగ్గరికి వచ్చాడు.

"బ్రామీ, ఏం రాశావు?"

"వాన పడుతుందని రాశాను."

"పడిందా?"

"నిన్నట్నించి కుర్చీ మీద ఆరేసుకున్న మీ సాక్సులు చూడండి."

హాంక్ అటు చూసి నిట్టూర్చాడు. "అదే చిక్కు. పడకపోయుంటే సవరణ వేసి బయటపడేవాళ్ళం."

"మన వకీలుగారు ఏమన్నారు?"

"గొడుగు దగ్గర పెట్టుకోమన్నాడు. బయటికి తీయొద్దన్నాడు."

భ్రమరాంబ సంజాయిషీ ఒక్క ముక్కలో రాసింది. "పరిస్థితులు: మబ్బులు." దానికి జవాబుగా పద్నాలుగు పేజీల మార్గదర్శకాలు వచ్చాయి. ఇకమీదట వానని 'తేమతో కూడిన ఎండ' అనవలెను. ఉరుములూ మెరుపులూ వస్తే 'ఉత్సాహభరితమైన ఎండ'. పొగమంచు 'బిడియపడుచున్న ఎండ'. మంచు కురిస్తే 'తెల్లని ఎండ'. రాత్రి సంగతేమిటని ఎవరో అడిగినట్టున్నారు, చివరి పేజీలో దానికీ సమాధానం ఉంది: "రాత్రి అనునది పలు రాష్ట్రములలో ఏకకాలమున సంభవించునది గనుక కేంద్ర ప్రభుత్వ పరిధిలోనిది. ఈ కార్యాలయము వ్యాఖ్యానింపజాలదు."

ఊళ్ళో పోటీ పత్రిక ఆ మార్గదర్శకాల్ని కళ్ళకద్దుకుంది. రోజుకొక ఎండ ఫోటో మొదటి పేజీలో వేసి, ఈ వారం మేలైన ఎండ ఏదో చెప్పమని పాఠకుల్ని ఓటెయ్యమంది. గొడుగుల కొట్టువాడు బోర్డు చెరిపేసి 'నీడ పరికరములు' అని రాయించుకున్నాడు. పెళ్ళిలో తడిసిన పెళ్ళికూతురి ఫోటో ఫేస్‌బుక్కులో పెట్టినందుకు ఒక మేనమామకి నోటీసు వెళ్ళింది. ఆయన అది ఆనందబాష్పాలని వాంగ్మూలం ఇచ్చి గండం గట్టెక్కాడు.

ఇంట్లో భ్రమరాంబ భర్త దక్షిణామూర్తికి నిద్ర పట్టడం మానేసింది. ఆయన రాష్ట్ర రహదారుల శాఖలో ఉద్యోగి, పెన్షను మూడేళ్ళ దూరంలో ఉంది.

"నీకెందుకే ఈ గొడవ? ఎండ అనమంటే ఎండ అనేసి ఊరుకోరాదూ. మనమేమన్నా పైనించి పోస్తున్నామా, పట్టుకుంటున్నామా?"

"బాటమ్స్‌లో మూడొందల గడప ఉందండీ. డొలొరెస్ వాళ్ళ మెట్లకీ ఏటికీ ఎంత దూరమో మీరు చూశారుగా. వాళ్ళంతా పొద్దున్నే నా పెట్టె చూసుకునే కదా, కార్లు మిట్టకెక్కించాలా వద్దా అని తేల్చుకునేది."

"చూసుకోనీ. తేమతో కూడిన ఎండంటే వాళ్ళకి మాత్రం తెలీదా ఏంటి?"

"తెలిస్తే మంచిదే" అంది భ్రమరాంబ. మొగుడి పెన్షను గుర్తొచ్చి కొన్నాళ్ళు అలాగే రాసింది కూడా.

బాటమ్స్ అంటే ఏటి వంపులో ఉన్న పల్లపు పేట. ఊళ్ళో వంటలు చేసేవాళ్ళు, బస్సులు నడిపేవాళ్ళు, ఆస్పత్రి నేల తుడిచేవాళ్ళు ఉండేది అక్కడే. డొలొరెస్ పాచెకో ఆస్పత్రి వంటింట్లో ముప్ఫై ఏళ్ళు పనిచేసి మానేసిన అరవై ఎనిమిదేళ్ళ మనిషి. పదిహేనేళ్ళుగా భ్రమరాంబకి స్నేహితురాలు. సెప్టెంబరులో ఒక శనివారం ఆవిడ ఫోను చేసింది.

"బ్రామీ, 'ఉత్సాహభరితమైన ఎండ' అని రాశావు కదమ్మా. మంచి రోజేమోనని మనవళ్ళని ఏటి ఒడ్డుకి తీసుకెళ్ళాను. కోడిగుడ్డంత వడగళ్ళు పడ్డాయి. చిన్నాడి నెత్తి బొప్పి కట్టింది. నువ్వు కూడా ఇలా చేస్తే మేం ఎవర్ని నమ్మాలి?"

భ్రమరాంబకి సిగ్గుతో చెవులు కాలిపోయాయి. ఆ సాయంత్రం పెట్టెలో ఒకే మాట రాసింది: "వాన." హాంక్ దాన్ని చూశాడు, చూడనట్టు పంపించేశాడు. మూడో రోజున కేసు పెట్టారు.

కేసు జడ్జి ఎల్మర్ క్విగ్లీ ముందుకి వచ్చింది. అక్కడ జడ్జీలు కూడా ఎన్నికల్లో గెలవాలి. క్విగ్లీ మంచివాడే గాని ఆ నవంబరులో ఆయనకి గట్టి పోటీ ఉంది. పోటీదారు టీవీలో ఒక ప్రకటన వేయించాడు. మసకమసక వీడియోలో జడ్జి కారు దిగుతుంటాడు, చేతిలో నల్లగా, పొడుగ్గా ఏదో ఉంటుంది. వెనకనుంచి బొంగురు గొంతు, "జడ్జి క్విగ్లీ చేతిలో ఉన్నదేమిటి? ఆయన మన పిల్లల నుంచి ఏం దాస్తున్నాడు?" అంటుంది. అది గొడుగు. ఆ మర్నాటి నుంచి జడ్జిగారు కోర్టు లోపల కూడా నల్లద్దాలు పెట్టుకుని కూర్చోవడం మొదలుపెట్టాడు.

విచారణ రోజున వాన దంచికొడుతోంది. ముందు జ్యూరీని ఎంచాలి. అటార్నీ జనరల్ స్వయంగా వచ్చి ఒక్కొక్కరి బూట్లు పరిశీలించాడు.

"ఈ పౌరుని బూట్లు తడిసియున్నవి. ఇతడు కేసు విషయమై ముందే ఒక అభిప్రాయమునకు వచ్చియున్నాడు. అభ్యంతరము."

"అభ్యంతరం ఆమోదించడమైనది" అన్నాడు జడ్జి.

అలా అరవై మందిని ఇంటికి పంపించాక పొడి బూట్లవాళ్ళు పన్నెండు మంది మిగిలారు. వాళ్ళంతా భవనం కింది గ్యారేజీలో కార్లు పెట్టుకునే హక్కున్న అటార్నీ జనరల్ కార్యాలయ ఉద్యోగులు.

కోర్టు పైకప్పు కారుతోంది. బంట్రోతు ఒక బకెట్టు తెచ్చి సాక్షి బోను పక్కన పెట్టాడు. కొరియర్ వకీలు ఆ బకెట్టు వైపు చెయ్యి చూపించి, "అయ్యా, అది చూడండి" అన్నాడు.

జడ్జి నల్లద్దాల్లోంచి చాలాసేపు చూశాడు. "ఈ వ్యాజ్యంలో పైకప్పు వాదీ కాదు, ప్రతివాదీ కాదు. ప్రమాణం కూడా చెయ్యలేదు. దాని సాక్ష్యం స్వీకరించలేం."

"పోనీ ఒక్కసారి కిటికీ తెరిపించండి."

"అభ్యంతరము! కిటికీ తెరచినచో జ్యూరీ ప్రభావితమగును" అన్నాడు అటార్నీ జనరల్.

కిటికీ తెరవలేదు. బకెట్టు నిండితే బంట్రోతు చప్పుడు కాకుండా మార్చాడు. జ్యూరీ పదకొండు నిమిషాల్లో నేరం రుజువైందని తేల్చింది. జడ్జి ముప్ఫై రోజుల జైలు వేసి, దాన్ని ప్రస్తుతానికి నిలిపి ఉంచాడు. భ్రమరాంబ ఇంకొక్కసారి ఆ మాట అచ్చులో గాని, నలుగురిలో నోటితో గాని అంటే తిన్నగా లోపలికే.

అక్టోబరు రెండో సగంలో ఎగువన పది రోజులపాటు తెరిపి లేకుండా కురిసింది. ఒక మధ్యాహ్నం ఆనకట్ట ఇంజనీరు భ్రమరాంబకి ఫోను చేశాడు. ఆయనా ప్రభుత్వోద్యోగే. ఆయన ఫోను రికార్డవుతుంది.

"మేడమ్, ఇక్కడ ఎండ బాగా ఉంది" అన్నాడు గొంతు తగ్గించి. "జలాశయం అంచుదాకా ఎండే. ఇంక ఆపలేం. ఎల్లుండి తెల్లవారుజామున అయిదు గేట్లూ ఎత్తేసి ఎండ వదిలేస్తున్నాం."

"బాటమ్స్‌లో ఎంత వస్తుంది?"

"ఆరడుగుల ఎండ మేడమ్. ఎక్కువే రావచ్చు."

భ్రమరాంబ ఫోను పెట్టేసి రెండు నిమిషాలు కళ్ళు మూసుకుంది. దివిసీమలో తమ వీధి కనబడింది. వాన అని రాస్తే అచ్చు యంత్రం తిరగకముందే శిక్ష పడ్డనాటి నుంచీ ప్రెస్సు దగ్గర కాపున్న కోర్టు మనుషులు ఆపేస్తారు, అప్పుడు బాటమ్స్‌కి ఏ వార్తా వెళ్ళదు. ఆవిడ హాంక్ దగ్గరికి వెళ్ళి రెండంగుళాల పెట్టె చాలదంది. అతను మొదటి పేజీ సగం ఇచ్చాడు. మర్నాడు పొద్దున కొరియర్ ఇలా వచ్చింది:

"బాటమ్స్ వాసులకు గమనిక. రేపు తెల్లవారుజామున మీ పేటలో రాష్ట్ర అధికార వాతావరణం ఆరడుగుల ఎత్తున వస్తుంది. ఎండ తలుపుల కిందనుంచి ఇళ్ళలోకి వస్తుంది. ఎండలో కార్లు తేలిపోతాయి. ఈత రానివాళ్ళు ఎండలోకి దిగకండి. ఈ సాయంత్రం లోపల పిల్లల్ని, పెద్దవాళ్ళని, కుక్కల్ని తీసుకుని మిట్ట మీది హైస్కూలుకి చేరండి. మందులు, కాగితాలు తడవకుండా... ఎండకుండా చూసుకోండి."

అటార్నీ జనరల్ ఆ పేజీ చూసి ఉప్పొంగిపోయాడు. ఎట్టకేలకు కొరియర్‌కి దేశభక్తి అబ్బిందని ఎన్నికల సభలో చదివి వినిపించాడు. బాటమ్స్‌లో డొలొరెస్ ఆ పేజీ పట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది. ఎవరికీ అర్థం విడమరిచి చెప్పాల్సిన పని పడలేదు. చీకటి పడేసరికి పేట ఖాళీ అయింది. తెల్లారేసరికి మూడువందల పదకొండు ఇళ్ళు కప్పుదాకా మునిగాయి. ఒక్క ప్రాణం పోలేదు. ఆ కబురు విని భ్రమరాంబ బల్ల మీద తల పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

అసలు కష్టం ఆ తరవాత వచ్చింది.

వరద సాయం ఇవ్వడానికి కేంద్ర ప్రభుత్వం మిస్ హార్లాండ్ అనే అధికారిణిని పంపింది. మోకాళ్ళదాకా రబ్బరు బూట్లు, చంకలో ఫైలు. ఆవిడ బాటమ్స్ అంతా పడవలో తిరిగి, హైస్కూలు ఆటల హాల్లో చాపల మీద పడుకున్న జనాన్ని చూసి, మనసు కరిగి, నిబంధన చెప్పింది.

"నష్టము నా కన్నులారా చూచితిని. అయినను నా కన్నులు దస్తావేజు కావు. ఒక్కొక్క ఇంటికి ఒక్కొక్క కాగితము కావలెను. దానిపై రాష్ట్ర ప్రభుత్వ ముద్ర, 'వరద' అను మాట ఉండవలెను. అది ఏ కాగితమైనను నాకు అభ్యంతరము లేదు. లేనిచో గుడారము సైతము ఇవ్వజాలను."

రాష్ట్రం ఆ కాగితం ఇవ్వనంది. వరద అని రాస్తే అధికార వాతావరణాన్ని అధికారులే అవమానించినట్టవుతుందని అటార్నీ జనరల్ ప్రకటన చేశాడు. పైగా మంగళవారం ఎన్నికలు. హైస్కూలు హాలు పోలింగు కేంద్రం కాబట్టి శనివారం పొద్దునకల్లా అందరూ ఖాళీ చేయాలి. బయట రాత్రుళ్ళు గడ్డకట్టే చలి మొదలైంది. డొలొరెస్ చిన్న మనవడు అప్పటికే దగ్గుతున్నాడు.

బాటమ్స్ జనం కోర్టుకి వెళ్ళారు. శుక్రవారం పొద్దున జడ్జి క్విగ్లీ హాలు నిండిపోయింది, వరండా నిండిపోయింది, మెట్లు కూడా నిండిపోయాయి. అటార్నీ జనరల్ కొరియర్ పేజీకి అద్దం కట్టించి మరీ తెచ్చాడు.

"ఆనాటి సంఘటనకు సమకాలికమైన పత్రము ఇది యొక్కటియే. ఇందు వరద అను మాట లేదు. ఆరడుగుల ఎండ అని సుస్పష్టముగా ఉన్నది. ఎండ వలన ఇల్లు మునిగినదని సాయము కోరుట హాస్యాస్పదము. రచయిత్రిని బోనులోకి పిలువ ప్రార్థన."

భ్రమరాంబ బోనెక్కింది. జనాన్ని బతికించడానికి తను రాసిన ముక్కే ఇప్పుడు వాళ్ళ నోటి దగ్గర కూడు లాగేస్తోంది. తన మీద తనకి అంత అసహ్యం ఆవిడకి ఎన్నడూ కలగలేదు. మొదటి వరుసలో డొలొరెస్ మనవణ్ణి ఒళ్ళో వేసుకుని కూర్చుంది. వెనక గోడకి ఆనుకుని ఫైలుతో మిస్ హార్లాండ్ నిలబడి ఉంది.

"ఇది తామే వ్రాసితిరా?"

"నేనే రాశాను."

"ఆనాడు బాటమ్స్ నందు వచ్చినది ఎండయే గదా? అవును, కాదు అని మాత్రమే చెప్పుడు."

"కాదండీ."

జడ్జి నల్లద్దాలు పైకి తోసుకుని, "ఆలోచించుకుని మాట్లాడండమ్మా. మీ మీద పాత శిక్ష వేలాడుతోంది" అన్నాడు. పాపం, మంచిగానే అన్నాడు.

"ఆలోచించుకునే చెబుతున్నానండీ. వచ్చింది వాన. పది రోజులు వాన. ఆనక వచ్చింది వరద. రెండూ నా కళ్ళతో చూశాను. ఎండ అని రాసింది మీ భయానికి. మీరేదో చేసుకోండి."

జడ్జి నిట్టూర్చి గుమాస్తా వైపు చూశాడు. ఆ కోర్టులో ఒక పద్ధతి ఉంది. ఎవరైనా నిండు కోర్టులో నేరం ఒప్పుకుంటే, వాళ్ళన్న మాటలు వాళ్ళన్నట్టే ఒక్క అక్షరం మార్చకుండా నేరాంగీకార పత్రంలో ఎక్కించాలి. గుమాస్తా కాగితం తీసి రాసుకున్నాడు: "వచ్చింది వాన. పది రోజులు వాన. ఆనక వచ్చింది వరద. రెండూ నా కళ్ళతో చూశాను." భ్రమరాంబ చేత సంతకం పెట్టించి, సొరుగులోంచి ఇత్తడి ముద్ర తీసి, గట్టిగా ఒత్తాడు.

ఆ చప్పుడుకి మిస్ హార్లాండ్ గోడనుంచి ముందుకి వచ్చి, కళ్ళజోడు సవరించుకుని, కాగితం మీదికి వంగి చూసింది.

"ఇది రాష్ట్ర ముద్రయేనా?"

"నూట నలభై ఏళ్ళ నుంచీ అదే" అన్నాడు గుమాస్తా గర్వంగా.

ఆవిడ ఫైలు తెరిచి నిబంధన మరోసారి చదువుకుంది. "ఏ కాగితమైనను అభ్యంతరము లేదు" అని పైకే అంది. తరవాత మొదటి వరుస వైపు తిరిగి, చాలా మామూలు గొంతుతో, "ఒక్కొక్క ఇంటికి ఒక్కొక్కటి" అంది.

డొలొరెస్ మనవణ్ణి పక్కావిడ ఒళ్ళోకి మార్చి లేచి నిలబడింది.

"జడ్జిగారూ, నేను కూడా చూశానండీ. వాన, వరద, రెండూ. మా వంటింటి కిటికీలోంచి ఫ్రిజ్జు బయటికి పోతుంటే చూశాను. రాసుకోండి."

ఆవిడ వెనక ఇంకొకడు లేచాడు. వాడి వెనక ఒక వరుసంతా లేచింది.

"అభ్యంతరము!" అటార్నీ జనరల్ అరిచాడు. "వీరు నిరపరాధులు! వీరు ఏ వానయు చూచియుండలేదు! వీరి నిర్దోషిత్వమును రాష్ట్రము గట్టిగా నమ్ముచున్నది!"

"చూడలేదా? అయితే నిండు కోర్టులో అబద్ధం చెప్పానన్నమాట" అంది డొలొరెస్. "దానికెంత వేస్తారు?"

"అయిదేళ్ళ దాకా" అన్నాడు జడ్జి అన్యమనస్కంగా.

"జైల్లో కప్పు కారుతుందా అండీ?"

"చట్టప్రకారం పొడిగా, వెచ్చగా ఉండాలి. మూడు పూటలా భోజనం, వైద్యుడు."

వరండాలోంచి సంతోషంగా కలకలం వినబడింది. జైలు బాధ్యత చూసే షెరీఫ్ తలపట్టుకున్నాడు. "అయ్యా, నా దగ్గరున్నవి నలభై మంచాలు. వీళ్ళందర్నీ లోపలెయ్యమంటే శాసనసభ హాల్లో పడుకోబెట్టాలి."

జడ్జి క్విగ్లీ అటార్నీ జనరల్ వైపు చూశాడు, జనం వైపు చూశాడు. మంగళవారం ఎన్నిక గుర్తొచ్చింది. ఆ తరవాత ఏం గుర్తొచ్చిందో తెలీదు గాని, నల్లద్దాలు తీసేసి జేబులో పెట్టుకున్నాడు. "నేరం ఒప్పుకునే పౌరుణ్ణి ఆపే అధికారం ఈ కోర్టుకి లేదు. జైలు సంగతి, చోటు దొరికినప్పుడు వరుసక్రమంలో చూద్దాం. కాగితాలు మాత్రం ఇప్పుడే పుచ్చుకోండి. క్యూలో రండి."

సాయంత్రం దాకా రాశారు. ఇద్దరు గుమాస్తాలు చేతులు నొప్పెట్టి మారారు. ముద్ర పడ్డ కాగితం పడ్డట్టు మిస్ హార్లాండ్ అందుకుని, ఫైల్లో పెట్టుకుని, రసీదు ఇచ్చింది. నేరం మొదట ఒప్పుకున్నది భ్రమరాంబ గనక, జైలు మంచాల వరుసలోనూ మొదటి మనిషి ఆవిడే. షెరీఫ్ మర్యాదగా ఆవిడకొక కుర్చీ వేయించాడు. అటార్నీ జనరల్ అద్దం కట్టించిన పేజీ చంకలో పెట్టుకుని పక్క తలుపులోంచి వెళ్ళిపోయాడు.

బాటమ్స్ జనం మూడువందల పదకొండు ఇళ్ళ తరఫునా ఒప్పుకోవడం అయిపోయాక, క్యూ చివర ఇంకొక మనిషి మిగిలాడు. రహదారుల శాఖ గుర్తింపు కార్డు మెడలో అలాగే వేలాడుతోంది. భ్రమరాంబ కుర్చీలోంచి లేచి నిలబడింది.

"ఏవండీ, మీరెందుకొచ్చారు? మీ పెన్షనండీ..."

"నువ్వూరుకో భ్రమరా" అన్నాడు దక్షిణామూర్తి.

గుమాస్తా చిరునామా చూసి తలెత్తాడు. "మీ ఇల్లు మిట్ట మీద కదండీ. మీకు సాయం రాదు. మీకీ కాగితంతో పనేముంది?"

"పనేం లేదండీ. వాన నేనూ చూశాను. మూడు నెలల్నించీ చూస్తూనే ఉన్నాను. రాసుకోండి."

ఆ రోజు పైన్‌ఫోర్డులో పొద్దుటి నుంచీ నిజంగానే ఎండ కాసింది. చూడ్డానికి ఎవరికీ తీరిక లేకపోయింది. ఆ యేడు మొత్తం మీద రాష్ట్రపు అధికార పత్రాల్లో వాన పడింది ఆ ఒక్క శుక్రవారమే, మూడువందల పదమూడు సార్లు. పడిన ప్రతిసారీ కింద ఒకరి సంతకం ఉంది, సంతకం పక్కన 'దోషి' అని ఉంది.